బోధ్‌గయకా, గుంటుపల్లికా?

మా అమలాపురంలో "గయ వెళ్తున్నాం" అంటే ఎవరికీ బుద్ధుడు గుర్తుకు రాడు, పిండప్రదానమే గుర్తుకొస్తుంది. ఫల్గు నది, విష్ణుపాదం, మర్రిచెట్టు దగ్గర ఇష్టమైన కూరా పండూ వదిలేయడం, తిరుగు రైలు. అక్కడి నుంచి ఆటో ఎక్కితే బుద్ధుడికి జ్ఞానోదయమైన బోధ్‌గయ. అయినా చూడకుండా వచ్చేసినవాళ్లు మా ఇంట్లోనే ముగ్గురున్నారు. అందుకే బోధ్‌గయకు ఎంతవుతుందని అడిగేవాళ్లను నేను ఎదురు అడుగుతాను: మీ ఇంట్లో గయ పని మిగిలుందా అండీ?

ఉంటే లెక్క తేలిపోయినట్టే. అసలు ఖర్చు రైలుది. రాజమండ్రిలోనో సామర్లకోటలోనో ఎక్కి హౌరాలో మారితే స్లీపర్‌లో రెండు రాత్రులు. ఆ డబ్బు ఎలాగూ పెడుతున్నప్పుడు, బోధ్‌గయకు పైన పడేది ఆటో చార్జీ, ఓ పూట భోజనం. మహాబోధి ఆలయంలోకి వెళ్లడానికి టికెట్ లేదు, కెమెరాకు మాత్రం ఉంది. ఫోన్ లోపలికి రానివ్వరు, బయట కౌంటర్లో పెట్టాలి. నేను జేబులో మరిచిపోయి, తనిఖీ దగ్గర దొరికిపోయి, మళ్లీ ఆ వరసంతా మొదటి నుంచీ నిలబడ్డాను.

దాదాపు 50 మీటర్ల ఇటుక గోపురం, దాని వెనక బోధివృక్షం, కింద బుద్ధుడు కూర్చున్న చోటని చెప్పే వజ్రాసనం. శ్రీలంకవాళ్లు ఒక పక్క, బర్మావాళ్లు ఒక పక్క, ఎవరి పారాయణం వాళ్లది. టిబెట్ వాళ్లు చెక్కల మీద సాష్టాంగాలు చేస్తుంటారు. వాళ్ల ముందు నుంచి దాటకుండా చుట్టూ తిరిగి వెళ్లాలి. ప్రదక్షిణం మన గుళ్లలో లాగే కుడివైపుగా. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు చాలు. ఆకు రాలితే ఏరుకోవచ్చు గానీ కొమ్మ మీద చెయ్యి వేయకూడదు. కాషాయం కట్టుకుని చేతికి దారం కట్టేసి డబ్బులడిగేవాళ్లు తగిలితే నమస్కారం పెట్టి ముందుకు నడవండి, ఇవ్వాలనుకున్నది హుండీలో వేయండి. మహాలయ పక్షాల్లో గయలో, డిసెంబర్, జనవరుల్లో బోధ్‌గయలో గదులు దొరకడం కష్టం, దొరికినా రేటు మండిపోతుంది.

గయ పని లేకపోతే బోధ్‌గయ కోసమే అప్పు చేసి వెళ్లమని నేను చెప్పను. మన ఏలూరు జిల్లాలోనే పాత బౌద్ధ గుహలున్న కొండ ఉంది, ఆ గుంటుపల్లి వెళ్లండి. ద్వారకా తిరుమలలో చిన్న వెంకన్న దర్శనం చేసుకుని కామవరపుకోట చేరి, జీలకర్రగూడేనికి ఆటో మాట్లాడుకుంటే సరి. రానూపోనూ మాట్లాడుకోండి, కొండ దిగాక బండి దొరకదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే చార్జీ లేదు. కొండ దగ్గర పురావస్తు శాఖవాళ్ల టికెట్ పాతిక రూపాయలు.

మెట్లెక్కితే రాతిలో తొలిచిన గుండ్రటి చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థన మందిరం, కనిపిస్తుంది. లోపల స్తూపం, చుట్టూ ఒక మనిషి నడిచేంత దారి. పైకప్పు చూడండి: కర్రలతో గుడిసె కప్పినట్టే రాతిని చెక్కారు. ఇలాంటి పనితనమే గయకు ఉత్తరాన బరాబర్ కొండల గుహల్లోనూ ఉంది. రెండు వేల ఏళ్లు దాటిన ఈ స్తూపాన్ని ఊళ్లోవాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు, శివరాత్రికి జనం వస్తారు. మీరు ఏ దేవుడనుకున్నా చెప్పులు బయట విప్పండి. ఇటుక స్తూపాలెక్కి సెల్ఫీ దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బోధ్‌గయలో తప్పు చేస్తే ఆపడానికి పదిమంది ఉంటారు, ఇక్కడ ఉండరు. నీళ్లు, పులిహోర పట్టుకెళ్లి కిందే తినండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు.

అమరావతి బౌద్ధ స్తూపం గురించి కూడా చెప్పమంటారు. మంచిదే, కానీ అక్కడి శిల్పాల్లో గొప్పవి చాలా వరకు చెన్నైకీ లండన్‌కీ వెళ్లిపోయాయి, మిగిలినవి చూపించే మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇక రూపాయి తీయకుండా చూడాలంటే మామిడికుదురు దగ్గర ఆదుర్రు ఉండనే ఉంది. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ అక్కడ స్తూపానికి పునాది వేసిందని చెప్పుకుంటారు. అరగంటలో చూసేయొచ్చు.

మా చిన్నత్తయ్య ఈమధ్యే గయకు టికెట్లు తీయమంది. తిరుగు రైలుకు ఒకరోజు ఆలస్యంగా తీశాను. ఎందుకని అడగలేదు. వంకాయ వదలాలా, బెండకాయ వదలాలా అన్న ఆలోచనలో ఉంది.