7 భాజనీయత: ఒకట్ల అంకె పద్ధతా, 1001 పద్ధతా? ఏది మేలు?

ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించవచ్చో లేదో చెప్పేవే భాజనీయతా సూత్రాలు. పోటీ పరీక్షల్లో 3, 9, 11 సూత్రాలు అందరికీ నోటికి వచ్చే ఉంటాయి. చిక్కంతా 7, 13ల దగ్గరే. వాటికి బాగా పనికొచ్చే దారులు రెండు.

మొదటిది ఒకట్ల అంకె పద్ధతి. చివరి అంకెను తీసేసి, దాన్ని రెట్టింపు చేసి, మిగిలిన సంఖ్యలోంచి తీసివేయాలి. 3,794 తీసుకుంటే 379 − 8 = 371, ఆపైన 37 − 2 = 35. కాబట్టి 7 భాగిస్తుంది. ఇక్కడ నిజంగా జరిగేది ఒకట్ల అంకెకు 21 రెట్లు తీసేసి, వచ్చినదాన్ని 10తో భాగించడం. 21లో 3 కూడా ఉంది గనుక ఇదే లెక్క 3కీ పనిచేస్తుంది, కానీ దానికి అంకెల మొత్తం ఉండగా ఇదెందుకు?

రెండోది 1001 = 7 × 11 × 13 అన్న సంగతి మీద నిలబడింది. 1000 అంటే 1001కి ఒకటి తక్కువ, అంటే 7, 11, 13లతో భాగించేటప్పుడు అది −1తో సమానం. అందుకే కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి, ఒకదాన్ని కూడి, పక్కదాన్ని తీసేస్తూ పోతే చాలు. 12,34,56,789ని 123 | 456 | 789గా విడదీయండి. 789 − 456 + 123 = 456. దీన్ని భాగిస్తే శేషాలు 7కి 1, 11కి 5, 13కి 1. అసలు సంఖ్యకూ ఇవే శేషాలు.

మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. లక్షలు, కోట్ల కామాల ప్రకారం 12 | 34 | 56 | 789 అని విడదీస్తే 755 వస్తుంది, 7కి శేషం 6 అని తేలుతుంది. తప్పు! కామాలు చెరిపేసి, మళ్లీ కుడి నుంచి మూడేసి లెక్కపెట్టుకోవాలి. ఫలితం రుణసంఖ్య అయినా జాగ్రత్త అవసరం. 9,00,100కి 100 − 900 = −800. 7తో భాగిస్తే 800కి శేషం 2 కదా అని 2 రాసేస్తే పోయినట్టే. 1001 కలపండి: 201, శేషం 5.

అదే 12,34,56,789ని మొదటి పద్ధతిలో చేస్తే ఏడు మెట్లు దిగాక 12 మిగులుతుంది. 7 భాగించదని తెలుస్తుంది గానీ, 12కి శేషం 5, అసలు శేషమేమో 1. ఆ పద్ధతి ‘అవును, కాదు’ మాత్రమే చెబుతుంది, శేషాన్ని కాపాడదు. (సరిగ్గా ఆరో మెట్టు దగ్గర ఆగితే 120 వస్తుంది, శేషం 1. ఇది కాకతాళీయం కాదు, ఆరు మెట్లలో పదితో ఆరుసార్లు, అంటే పది లక్షలతో భాగించినట్టు, ఆ పది లక్షలను 7తో భాగిస్తే 1 మిగలడం వల్ల.)

నాలుగంకెల దాకా ఒకట్ల అంకె పద్ధతే హాయి. ఆరు దాటినా, శేషం అడిగినా, 13 ఉన్నా 1001కే నా ఓటు. మూడంకెలు మిగిలాక వందల అంకెను రెట్టింపు చేసి చివరి రెండంకెలకు కలిపితే 7కి పని ఇంకా తేలిక: 456కి 8 + 56 = 64, శేషం 1. 3,74,374 లాంటివి కనిపిస్తే అసలు లెక్కే వద్దు, అది 374 × 1001, కాబట్టి 7, 11, 13 మూడూ భాగిస్తాయి. ఒక్క 11కే అయితే అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడి తేడా చూడటం చాలు.

17, 19లకు మాత్రం 1001 పనికిరాదు. అక్కడ మళ్లీ ఒకట్ల అంకె దగ్గరికే రావాలి: 17కి అయితే మిగిలిన సంఖ్యలోంచి ఒకట్ల అంకెకు ఐదు రెట్లు తీసేయాలి, 19కి అయితే రెండు రెట్లు కలపాలి.