నికోటిన్ గమ్: ఐదు నెలలు నమిలినవాడి మాట

ముందే చెప్తున్నా, సిగరెట్‌కి మనల్ని బానిసల్ని చేసే నికోటిన్‌ని పొగ లేకుండా అందించి, సిగరెట్ మానడానికి సాయపడే గమ్ ఇది, మామూలు చూయింగ్ గమ్ కాదు. మొదటి రోజు అలాగే అనుకుని మీటింగులో కూర్చుని గబగబా నమిలేశాను. రెండో నిమిషానికి గొంతులో మిరియాల పొడి పోసినట్టయింది. మూడో నిమిషానికి ఎక్కిళ్లు. పక్కాయన మంచినీళ్ల సీసా నా వైపు జరిపాడు. తాగినా ఆగలేదు. చివరికి ఫోనొచ్చినట్టు నటించి బయటికొచ్చేశాను.

తప్పు నాదే. పెట్టెలో మడిచిపెట్టిన కాగితం చదవలేదు. దీన్ని నమలడం తక్కువ, నోట్లో ఊరికే ఉంచుకోవడం ఎక్కువ. నాలుగైదు సార్లు నెమ్మదిగా కొరకాలి. నాలుక చురుక్కుమనగానే ఆపేసి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ కొరకాలి. ఒక్కో బిళ్ల అరగంట వస్తుంది. నికోటిన్ నోటి లోపలి పొర నుంచి రక్తంలోకి వెళ్లాలి. మింగేస్తే చాలావరకు కాలేయం దగ్గరే ఖర్చయిపోతుంది, మనకి మిగిలేవి ఎక్కిళ్లూ కడుపులో మంటా. కాఫీ గానీ పుల్లటివి గానీ తాగిన పావుగంట లోపు వేసుకుంటే సరిగ్గా పనిచెయ్యదు, నోట్లో ఆమ్లం ఉంటే నికోటిన్ లోపలికి ఎక్కదు. కాఫీకి సిగరెట్ జోడీగా బతికినవాడికి ఇది ఎంత శిక్షో నేను చెప్పక్కర్లేదు.

2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అని రెండు రకాలున్నాయి. నిద్ర లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ ముట్టించేవాళ్లకి 4. నేను కళ్లు పూర్తిగా తెరవకముందే దిండు పక్కన తడుముకునే రకం. అందుకని 4 తీసుకున్నాను. సిగరెట్ పొగలోని నికోటిన్ పది సెకన్లలో మెదడుకి చేరుతుంది. గమ్‌ది నెమ్మది నడక, ఇరవై ముప్పై నిమిషాలు. కాబట్టి ఆ కిక్కు కోసం కొనకండి, అది రాదు. ఎదుటివాళ్ల మీద అరవాలనిపించే ఆ చిరాకు మాత్రం తగ్గుతుంది. నాకు కావాల్సింది అంతే.

ఇంతకీ నేను ఎవరి మాటా విని మానలేదు. సిగరెట్ పెట్టె మీద ఆ బొమ్మలొచ్చాక నాకు మండింది. నా డబ్బుతో కొనుక్కున్న దాని మీద వేరేవాళ్లు నాకు పాఠం చెప్పడమేంటని. ఒక రేకు డబ్బా కొనుక్కుని, పెట్టె విప్పగానే సిగరెట్లన్నీ అందులోకి మార్చేసి, బొమ్మని చెత్తబుట్టలో వేసేవాణ్ణి. ఏళ్ల తరబడి అదే తంతు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ బొమ్మ నా మీద పనిచెయ్యట్లేదని నిరూపించడానికి రోజూ అంత శ్రమపడ్డానంటే, అది పనిచేస్తున్నట్టే కదా! కెనడావాళ్లకి నాలాంటివాళ్ల సంగతి తెలిసినట్టుంది, 2023 నుంచి ఒక్కో సిగరెట్ మీదే హెచ్చరిక అచ్చు వేయించడం మొదలుపెట్టారు. రేకు డబ్బా వాళ్ల దగ్గర చెల్లదు.

ఆఫీసులో పొగ నిషేధం మీద మాత్రం నాకెప్పుడూ కోపం లేదు. 2004లో ఐర్లండ్ పబ్బులతో సహా పనిచేసే చోట్లన్నిటిలో పొగ ఆపేసింది, దేశమంతటా అలా చేసిన మొదటి దేశం అదే. అక్కడ గ్లాసులు అందించే కుర్రాడి ఊపిరితిత్తుల మీద నాకేం హక్కుంది? మా ఆఫీసు నియమం కూడా నన్ను మానెయ్యమనలేదు, కిందికి వెళ్లి తాగమంది. నాలుగంతస్తులు దిగి ఎక్కే బద్ధకంతోనే నాకు తెలియకుండా రోజుకి ఐదారు తగ్గాయి.

ఈ గమ్ పుట్టుకలోనూ ఒక నిషేధం ఉంది. స్వీడన్‌లో జలాంతర్గాముల్లో పొగ తాగే వీల్లేక నావికులు పొగాకు నమిలి సరిపెట్టుకునేవారు. అది గమనించిన లుండ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త 1960ల చివర్లో ఓవె ఫెర్నో అనే రసాయన శాస్త్రవేత్త చెవిన వేశాడు. పొగ లేకుండా నికోటిన్ అందించే మార్గం ఆయన వెతికాడు, ఇప్పుడు నా బుగ్గలో ఉన్నది అదే.

నాకు అసలు ఒళ్లు మండేది ఇక్కడ. అమెరికాలో ఈ గమ్‌కి 1984లో అనుమతి వచ్చింది, కానీ డాక్టర్ చీటీ ఉంటేనే. 1996 దాకా అదే వరస. అంటే 12 ఏళ్ల పాటు సిగరెట్‌కి చీటీ అక్కర్లేదు, సిగరెట్ మానడానికి చీటీ కావాలి. సింగపూర్ 1992లో చూయింగ్ గమ్ అమ్మకమే ఆపేసింది. 2004లో ఇలాంటి మందు గమ్‌కి తలుపు తీసింది గానీ, ఫార్మసిస్ట్ కొన్నవాళ్ల పేరు రాసుకోవాలన్నారు. సిగరెట్ కొనేవాడి పేరు ఎవరు రాసుకున్నారు? ప్రభుత్వం నా ఆరోగ్యంలో తలదూర్చిందని కాదు నా గొడవ, తప్పు తలుపు మూసిందని.

న్యూజిలాండ్ ఇంకో దారి పట్టింది. 2009 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి జీవితాంతం పొగాకు అమ్మకూడదని 2022లో చట్టం చేసి, అమలు కాకముందే 2024లో రద్దు చేసుకుంది. ఆ చట్టం నిలిచుంటే, ఆ తేదీకి ఒక్క రోజు ముందు పుట్టిన అన్నకి అరవయ్యో ఏట కూడా దొరికేది, తమ్ముడికి ఎప్పటికీ దొరికేది కాదు. నాకు నచ్చలేదు. అలాగని ‘నా ఇష్టం’ అని కూడా గట్టిగా అనలేను. ఇష్టపడింది పదిహేడేళ్ల కుర్రాడు, దిండు పక్కన తడుముకున్నది నలభై దాటినవాడు. వాడు పెట్టిన సంతకానికి నేను వాయిదాలు కట్టాను.

సరే, గమ్ దగ్గరికి వద్దాం. లోపాలు చెప్పాలి. మూడో వారానికి దవడ నొప్పి. పన్నుకి వేయించుకున్న సిమెంటుకి అతుక్కుంటుంది, కట్టుడు పళ్లున్నవాళ్లు చర్మం మీద అంటించుకునే నికోటిన్ ప్యాచ్ చూసుకోవడం మేలు. బిళ్లల అట్ట వెనక రేకు ఎంత మొండిదంటే, బిళ్ల కోసం చేతులు వణుకుతున్న మనిషిని ఎవరూ ఊహించుకున్నట్టు లేదు. గోళ్లతో తీయలేక కత్తెర పట్టుకుని తిరిగాను. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. ఇది మంత్రం కూడా కాదు. ఇలాంటి నికోటిన్ సాయంతో మానేవాళ్లకి విజయావకాశం ఏ సాయమూ లేనివాళ్లకంటే 50–60 శాతం ఎక్కువని పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. అంటే చాలామంది మళ్లీ మొదటికొస్తారు. నేనూ ఇంతకుముందు రెండుసార్లు వచ్చాను.

పన్నెండు వారాల్లో ముగించమని కాగితంలో ఉంది: మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మెల్లగా దూరం పెంచాలి. నేను ఇరవై రెండో వారంలో ఉన్నాను, ఇంకా రోజుకి మూడు. సిగరెట్ మాత్రం లేదు. ఈ గమ్‌కి ఐదు మార్కులకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒకటీ అట్ట వెనక మొండి రేకు వల్ల తగ్గించాను.

బిళ్లలు పెట్టుకోవడానికి పాత రేకు డబ్బానే వాడుతున్నాను. మూత తీస్తే ఇంకా పొగాకు వాసన వస్తుంది. మా ఆవిడ రెండుసార్లు సబ్బుతో కడిగింది, పోలేదు.