ఒనకడిల్లీ సంతలో పూసలు, దారి పొడవునా బేరాలు

అరకులో రోడ్డు పక్కన 'గిరిజనుల చేతి పూసలు' అని బోర్డు పెట్టి అమ్మే దండల మీద ఎవరైనా డబ్బులు పోయకముందే ఇది చదవాలని రాస్తున్నాను. ఒడిశాలోని ఒనకడిల్లీ సంతకు వెళ్తూ అరకులో ఆగి మేం 650 రూపాయలు పోశాం. కరెక్టుగా చెప్పాలంటే మా ఆయన పోశారు. నేనూ వదినా కాఫీ తాగుతుంటే ఆయన ఒక్కరే వెళ్లి, మాకు ఆశ్చర్యం కలిగించాలని ఎర్రటి గురివింద గింజల దండ ఒకటి కొనుక్కొచ్చారు. అడవిలో ఏరిన గింజలట, గూడెంలో ఆడవాళ్లు కూర్చుని గుచ్చారట.

వదిన చేతికి ఇస్తే అయిపోయింది. ఆవిడ ఇరవై ఏళ్లుగా జాకెట్లకు మగ్గం పని చేస్తోంది, పూస ఏదైనా వేళ్ల మధ్య ఒకసారి దొర్లిస్తే చాలు. గాజు పూసయితే చల్లగా తగులుతుంది, పంటికి ఆనిస్తే టిక్కుమంటుంది. ఇది వెచ్చగా, తేలిగ్గా ఉంది. గింజయితే ఒక్కోటీ ఒక్కో సైజు ఉండాలి, ఇవన్నీ ఒకే అచ్చు. రూముకెళ్లాక సూది కాల్చి గుచ్చి చూపించింది. సూది లోపలికి దిగిపోయింది, వాసన కొట్టింది. నల్ల చుక్క గోటితో గీకితే పెచ్చులా ఊడింది. ప్లాస్టిక్కు.

పొద్దున్నే తిరిగి తీసుకెళితే దుకాణం అబ్బాయి ఏమన్నాడో తెలుసా? "మేడమ్, చేత్తో గుచ్చామన్నాం గానీ, అన్నీ గింజలే అన్నామా?" డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. దానికి బదులు 200 రూపాయల రబ్బరు బ్యాండు ఏదైనా ఎంచుకోమన్నాడు. మా ఆయన ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒక రకంగా ప్లాస్టిక్ కావడమే నయమని వదిన అంది. అసలు గురివింద గింజలో విషం ఉంటుంది. పైతొక్క గట్టిగా ఉన్నంతవరకు ఫర్వాలేదు గానీ, దండ గుచ్చాలంటే దానికి చిల్లు పెట్టాల్సిందే కదా. చిల్లు పెట్టిన గింజను పసిపిల్ల నోట్లో పెట్టుకుని కొరికిందంటే ప్రాణం మీదికి వస్తుంది. పూర్వం కంసాలి దగ్గర బంగారం తూచడానికి వాడిన గింజే ఇది. అది తక్కెట్లో ఉన్నంతసేపూ ఎవరికీ హాని లేదు. పిల్లల చేతికి గింజల గాజులు కొనేవాళ్లు ఈ ఒక్క గింజనీ వదిలేయండి, అసలైనదైనా సరే.

అరకులో మిగతా సంగతి: కిరండూల్ రైలు బాగుంది, బొర్రా గుహలు బాగున్నాయి, బొంగు చికెన్‌లో ఉప్పెక్కువ. గిరిజన మ్యూజియం మాత్రం దుకాణాల మీద పడకముందే చూడాలి. అక్కడ పెట్టిన నగలు చూశాక బయట అమ్మేవాటి రంగు, బరువు, ముడి ఎంత తేడాగా ఉన్నాయో మీకే తెలుస్తుంది. మేం దాన్ని దండ కొన్న తర్వాత చూశాం, అందువల్ల మా ఆయన అక్కడ అద్దాల పెట్టెల జోలికి పోకుండా బయట బెంచీ మీద కూర్చున్నారు.

అసలు ప్రయాణం ఒనకడిల్లీ సంత కోసం. ఒడిశాలో మల్కన్‌గిరి జిల్లా బోండా కొండల నుంచి బోండా తెగ ఆడవాళ్లు గురువారం గురువారం ఆ సంతకు దిగివస్తారు. గుండు చేసిన తల మీద పూసల వరసలు, మెడలో లోహపు కడియాలు, వాటి కిందనుంచి నడుం దాకా జారే పూసల దండలు. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు 12 వేల పైచిలుకు మాత్రమే. వదినకు ఈ పూసల పిచ్చి ఎప్పటినుంచో ఉంది. నాకు సంతలంటే ఇష్టం. మా ఆయనకు డుడుమ జలపాతం చూపిస్తామని ఒప్పించాం.

కారు మాట్లాడుకున్నది 4,500కి, జయపురంలో రాత్రి బసతో, తిరిగి అరకులో దింపేదాకా. చివరికి ఇచ్చింది 6,200. ఆ 1,700 ఎలా పెరిగిందో వినండి: డ్రైవర్ బత్తా 400, రాష్ట్రం దాటినందుకు 'పర్మిట్' 800 (రసీదు అడిగితే ఫోన్‌లో ఉంది, తర్వాత పంపుతానన్నాడు, ఇంకా పంపుతున్నాడు), ఇక చివరి 500 సంతలో 'ఫోటో ఫీజు'. ఆ ఫోటో ఫీజు గొడవ కింద చెబుతాను.

కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం అని పిలిచే జగన్నాథుని గుడి ఉంది. గుడి ఆవరణలోనే గిరిజనుల వస్తువుల మ్యూజియం. ఓ గంట హాయిగా గడిచింది. జయపురం చేరేసరికి చీకటి.

ఇక లాడ్జి. ఫోన్‌లో 1,800 అన్న గది కౌంటర్ దగ్గరకొచ్చేసరికి 2,150 అయింది. ఎందుకంటే ముగ్గురం కదా, మూడో మనిషికి పరుపు. పరుపు అడిగితే వచ్చింది దుప్పటి. ఆ దుప్పటి అంతకుముందు ఎవరు కప్పుకున్నారో, వాళ్లకు ఏ తలనూనె ఇష్టమో కూడా చెప్పగలిగేలా ఉంది. గీజరు ఉంది, దాని స్విచ్చు మీద అతికించిన కాగితం మీద 'ఉదయం 6 - 7' అని రాసి ఉంది. ఆరుకు వేస్తే కరెంటు పోయింది. కరెంటు ఏడుంపావుకు వచ్చింది. అప్పుడు గీజరు వేసినందుకు ఓ కుర్రాడొచ్చి తలుపు కొట్టి, టైమైపోయిందని ఆపేసి వెళ్లాడు! మా ఆయన తువ్వాలు కట్టుకుని కిందకి దిగి, వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో మేనేజరుతో తగువు వేసుకున్నారు. ఆ మేనేజరు ఓపిగ్గా మొత్తం విని, చివరికి స్వచ్ఛమైన తెలుగులో, "సార్, మాదీ పార్వతీపురమే, నీళ్లు కాచి పంపిస్తా, బకెట్ 50" అన్నాడు. వదిన నవ్వాపుకోలేక మంచం మీద పడింది. ఆ నవ్వుకు ఈయన మూడ్ ఇంకో రెండు గంటలు పోయింది.

బిల్లు అడిగితే ఇవ్వలేదు. ఆ ఊళ్లో ఉండక తప్పదనుకుంటే, గది చూశాకే డబ్బు కట్టండి. పరుపు అంటే పరుపేనా అని కూడా అడగండి.

సంతకు తొమ్మిదిన్నరకు చేరాం. చేరగానే డ్రైవర్ ఒకతన్ని తీసుకొచ్చి 'లోకల్ గైడ్' అన్నాడు. అతను చెప్పిన మొదటి మాట, "బోండా మహిళలతో ఫోటో 500, వీడియో వెయ్యి." బోండాల వంటి ఆదిమ తెగల వాళ్లను పర్యాటకులు ఫోటోలు తీయడంపై ఒడిశాలో ఆంక్షలున్నాయి. అంటే అతను అమ్ముతున్నది అమ్మడానికి హక్కులేని సరుకు. మేం కెమెరా తియ్యనేలేదు. అయినా గైడ్ మాతో పాటు నడిచాడు గనక 500 లెక్కలో పడింది.

నడుస్తూ నడుస్తూ అతను వదినకు పాఠం చెప్పాడు: ఆకుపచ్చ పూస అంటే అడవి, ఎరుపంటే సూర్యుడు, పసుపంటే పంట, తెలుపు పూర్వీకుల ఆత్మలు. వదిన నోట్‌బుక్ తీసి రాసుకుంది కూడా.

సంత చివర ఒక టీ కొట్టు ఉంది. ఆయన తెలుగాయన, డెబ్బై దాటి ఉంటుంది. వాళ్ల నాన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కట్టేటప్పుడు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఆ కేంద్రం 1955లో మొదలైంది, ఇప్పటికీ ఆంధ్రా, ఒడిశా కరెంటు పంచుకుంటున్నాయి. ఈయనకు తెలుగు, దేశియా ఒడియా (ఇక్కడి కొండల వైపు మాట్లాడే ఒడియా) రెండూ వచ్చు. ఆయన కొట్టు పక్కనే గోనెపట్టా మీద కొన్ని దండలు పరుచుకుని ఒక బోండా ఆవిడ కూర్చుని ఉంది. వదిన టీ ఆయన్ని బతిమాలింది: "బాబాయ్, ఈ పసుపు ఎందుకు వేసిందో, దానికి అర్థం ఏంటో కాస్త అడిగి పెట్టవా?"

ఆయన అడిగారు. ఆవిడ తల ఎత్తి వదినని ఒకసారి పైకీ కిందికీ చూసి ఏదో అంది, పక్కనున్న ఇద్దరు పగలబడి నవ్వారు. టీ ఆయన కూడా నవ్వి చెప్పారు, "పోయిన వారం పూసల కొట్టువాడు పసుపు ఒక్కటే తెచ్చాడట అమ్మా."

వదిన నోట్‌బుక్ మూసేసింది. గైడ్ బీడీ వెలిగించుకోవడానికి అటు వెళ్లాడు.

ఆ పూసల కొట్టు సంతలోనే ఉంది, దాన్ని చూడకుండా రాకండి. చిన్న చిన్న గాజు పూసలు కట్టలు కట్టలుగా వేలాడదీశాడు. ఈ సరుకు ఎక్కడిదని అడిగితే ఉత్తరప్రదేశ్ అన్నాడు. అక్కడ హాథ్రస్ జిల్లా పుర్దిల్‌నగర్‌లో గాజు పూసలు తయారుచేస్తారని వదినకు ముందే తెలుసు, ఆవిడ మగ్గం పనికి తెప్పించేవి కూడా చాలావరకు ఆ వైపు సరుకే. ఆ కొట్టు చుట్టూ మూగిన వాళ్లలో మాలాంటివాళ్లు లేరు, అందరూ కొండ మీద నుంచి దిగిన ఆడవాళ్లే. ఒకావిడ కట్టను ఎండకు అడ్డంగా పట్టి, పూసలు సమానంగా లేవని తిరిగి కొట్టువాడి మీదకు విసిరింది. పక్కావిడ దారం లాగి చూసి ఇది తెగుతుందంది. బట్టల షాపులో పట్టుచీర ఎంచే మన పెద్దమ్మలకు వీళ్లు ఏ మాత్రం తీసిపోరు.

పూస ఎక్కడిదైనా గుచ్చే పద్ధతి వాళ్లదే. వదిన టీ కొట్టు దగ్గరి బోండా ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. మాట కలవదు, కానీ చేతులు చూసుకుంటే చాలు. ఆవిడ ఒక్కో పూస ఎత్తి గుచ్చదు. ఒళ్లో పళ్లెంలో పూసలు పోసుకుని, దారం కొసను గట్టిపరచి, ఆ పళ్లెంలో తోస్తూ పోతే ఒక్కసారికి ఐదారు పూసలు ఎక్కుతాయి. వరసలన్నీ ఒకచోట చేర్చి వేసిన ముడి చూసి వదిన రెండుసార్లు విప్పించి మళ్లీ వేయించుకుంది. మూడోసారి అడిగితే ఆవిడ విసుక్కుని దారం వదిన చేతికే ఇచ్చేసింది.

మేం కొన్నవి: పన్నెండు వరసల పసుపు, తెలుపు దండ 350. గడ్డి గింజల దండ 80, ఆ గింజకు పుట్టుకతోనే నడుమ రంధ్రం ఉంటుంది, చిల్లు పెట్టే పని లేదు. తలకు చుట్టే పట్టీ 120. బేరం ఆడలేదు, వదిన ఆడనివ్వలేదు. అరకు ప్లాస్టిక్ దండకు పోసిన 650తో పోలిస్తే ఈ మూడూ కలిపి వంద తక్కువే అయ్యాయి. ఇంకో మాట. మా ముందు వచ్చిన ఒక గుంపులో ఒకాయన, ఆవిడ మెడలో ఉన్న దండే కావాలి, తీసి ఇమ్మని వేలు పెట్టి చూపిస్తున్నాడు. వెయ్యి ఇస్తానంటున్నాడు. అలా అడక్కండి. పట్టా మీద ఉన్నది అమ్మకానికి, మెడలో ఉన్నది కాదు.

సీతమ్మ కథ కూడా టీ ఆయనే చెప్పారు. వనవాసంలో సీత ఒక కొలనులో స్నానం చేస్తుంటే ఈ కొండ ఆడవాళ్లు చూసి నవ్వారట. ఆవిడకు కోపం వచ్చి, మీరూ ఇలాగే బట్టలేకుండా, జుట్టు లేకుండా ఉండండని శపించిందట. కాళ్లావేళ్లా పడితే కరిగి, తన చీర కొంగులోంచి ఓ పీలిక చింపి ఇచ్చిందట. నడుముకు ఆ చిన్న గుడ్డ, మిగతా ఒళ్లంతా పూసలు అందుకేనని చెప్పుకుంటారు. నాకైతే ఆ కథలో సీతమ్మ కంటే నవ్విన ఆడవాళ్లే నచ్చారు. పసుపు పూస అర్థం అడిగితే నవ్విన వాళ్లు అప్పుడు మాత్రం నవ్వకుండా ఎలా ఉంటారు?

మధ్యాహ్నం తిండి ఆ సంతలోనే. చోడి (రాగి) పిండితో కాచి పులియబెట్టిన జావ, దాన్ని మండియా పేజ్ అంటారు. ఆకు దొన్నెలో పోసి పక్కన పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ఇచ్చారు. 20 రూపాయలు. ఆ ఎండలో అది గొంతు దిగుతుంటే మా ఆయన సంతకొచ్చాక మొదటిసారి నోరు తెరిచి "ఇంకోటి పోయించు" అన్నారు. మూడు తాగారు. అరకు నుంచి ఆయన మొహంలో వెలుగు చూడడం అదే మొదలు.

డుడుమ చూశాం. 175 మీటర్ల లోతుకు నీళ్లు దూకుతుంటే ఏం రాస్తాం, బాగుంది. ముంచింగిపుట్టు మీదుగా తిరిగి అరకు. దారి అక్కడక్కడా పాడైంది, కడుపులో చోడి జావ ఉన్నవాళ్లు ముందు సీట్లో కూర్చుంటే మంచిది.

వెళ్లేవాళ్లు గురువారం పొద్దున తొమ్మిదికల్లా సంతలో ఉండండి, మధ్యాహ్నం రెండు దాటితే కొండవాళ్లు తిరుగుముఖం పడతారు. అప్పటికి కొందరు మగవాళ్లు కల్లు పుచ్చుకుని ఉంటారు, చేతిలో విల్లు కూడా ఉంటుంది, వాళ్లతో హాస్యాలొద్దు. పది, ఇరవై, యాభై నోట్లు పట్టుకెళ్లండి, పట్టా మీద అమ్మే ఆవిడ ఐదొందలకు చిల్లర ఎక్కణ్నించి తెస్తుంది? గైడ్ అక్కర్లేదు. టీ కొట్టు దగ్గర రెండు టీలు తాగండి, అంతకంటే ఎక్కువే తెలుస్తుంది. కారు మాట్లాడుకునేటప్పుడు పర్మిట్, బత్తా అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. మా డ్రైవర్ నంబరు కావాలని ఇప్పటికే ఇద్దరు అడిగారు, ఇవ్వను. పర్మిట్ రసీదు వచ్చాక చూద్దాం.