రికార్డర్‌పై క్రిస్మస్ పాటలు: కొన్న పుస్తకం, ఉచితంగా దొరికిన స్వరలిపి

రికార్డర్ అంటే నిలువుగా పట్టుకొని ఊదే వేణువు వంటి వాద్యం. ఆ పేరుతోనే తొలి చిక్కు మొదలవుతుంది. ఆ మాటతో వెతికితే ధ్వనిని ముద్రించే యంత్రాలే ముందుగా ఎదురవుతాయి కాబట్టి డెస్కాంట్ అనో, దానికే మరో పేరైన సొప్రానో అనో, దానికంటే పెద్దదైన ట్రెబుల్ అనో వాద్యం రకాన్ని చేర్చి వెతకడం మేలు. అలా వెతికి నేను కొన్న ఒక క్రిస్మస్ పాటల సంకలనాన్ని, ఆ తర్వాత ఆశ్రయించిన ఉచిత స్వరలిపి భాండాగారాలను ఇక్కడ సమీక్షిస్తున్నాను. పుస్తకం పేరు చెప్పడం లేదు. అందులోని లోపాలు ఈ తరహా సంకలనాలు ఎంచుకునేటప్పుడు ఎవరైనా చూసుకోవలసినవే.

అట్టమీద ‘డెస్కాంట్ రికార్డర్ కోసం’ అని పెద్ద అక్షరాలతో ఉంది. అచ్చు శుభ్రంగా ఉంది, స్వరాలు పెద్దవిగా ఉన్నాయి, పాటల ఎంపికకూ వంక పెట్టలేను. అయితే ‘సైలెంట్ నైట్’ పేజీ తెరవగానే దాన్ని కూర్చినవారు రికార్డర్‌ను చేతబట్టి వాయించి చూడలేదని అర్థమైంది. కీర్తనల పుస్తకాలలో ఈ పాట తరచుగా బి ఫ్లాట్ శ్రుతిలో ఉంటుంది (సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అనేవి పాశ్చాత్య స్వరాల పేర్లు; ఫ్లాట్ అంటే ఆ స్వరానికి అర మెట్టు కింద, షార్ప్ అంటే అర మెట్టు పైన). ఆ శ్రుతిలో బాణీ చివరి స్వరం కింది బి ఫ్లాట్. డెస్కాంట్ రికార్డర్‌లో అన్ని రంధ్రాలూ మూసినా సి కంటే కిందికి దిగడం సాధ్యం కాదు. పాటంతా చక్కగా సాగి, ఆ ఒక్క చివరి స్వరం దగ్గరే వాద్యం చేతులెత్తేస్తుంది. పాటను మరో శ్రుతికి మార్చడానికి బదులు, ఈ పుస్తకంలో ఆ ఒక్క స్వరాన్ని పై స్థాయికి ఎత్తి అచ్చువేశారు. మెల్లగా మెట్లు దిగి కూర్చోవలసిన బాణీ ఆఖరి మెట్టు మీది నుంచి మేడ మీదికి దూకినట్టు వినిపిస్తుంది.

సి శ్రుతిలోకి మారిస్తే పాట వాద్యం పరిధిలోకి వస్తుంది గాని, చివరి స్వరం వాద్యంలోని అట్టడుగు సి అవుతుంది. చిటికెన వేలు ఏమాత్రం జరిగినా, ఊపిరి కాస్త ఎక్కువైనా కీచుమనే స్వరం అది. డి శ్రుతి అన్నిటికంటే అనుకూలం: కిందికి డి దాకా, పైకి జి దాకా సాగుతుంది. పదాలు రాసిన యోసెఫ్ మోర్ చేతిరాత ప్రతిలో కూడా పాట డి శ్రుతిలోనే ఉంది. 1818 క్రిస్మస్ ముందు రాత్రి ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్ చర్చిలో మోర్, బాణీ కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ కలిసి గిటార్ తోడుగా దీన్ని పాడారు. రెండు రికార్డర్లు, ఒక గిటార్ ఉంటే ఆ కూర్పుకు దగ్గరగా వాయించుకోవచ్చు.

పుస్తకంలోని రెండో లోపం ఇంతకంటే నష్టం కలిగించేది. స్వరాల కింద వేళ్ల బొమ్మలు ఇచ్చారు గాని, అవి జర్మన్ పద్ధతివని ఎక్కడా చెప్పలేదు. రికార్డర్లకు జర్మన్, బరోక్ అని రెండు వేళ్ల పద్ధతులున్నాయి, నా వాద్యం బరోక్‌ది. జర్మన్ పద్ధతిలో ఎఫ్ తేలికగా పలుకుతుంది. బరోక్ పద్ధతి వాద్యం మీద అవే వేళ్లు పెడితే ఎఫ్ శ్రుతి మించి పలుకుతుంది. తప్పు నా ఊపిరిదే అనుకొని చాలా సాయంత్రాలు వృథా చేసుకున్నాను. జర్మన్ పద్ధతి వాద్యంతో నేర్చుకునేవారికి దీనికి వ్యతిరేకమైన బాధ ఉంది: ఎఫ్ షార్ప్ సరిగా పలకడం కష్టం, క్రిస్మస్ పాటలలో చాలావాటిని ఎఫ్ షార్ప్ తప్పని జి, డి శ్రుతులలో రాస్తారు.

ఇక ఉచిత భాండాగారాల సంగతి. 1998లో మొదలైన సీపీడీఎల్ (కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ) అనే వెబ్‌సైట్ నిజానికి బృందగాయకుల కోసం ఏర్పడినది. అందులో రికార్డర్ వాదకుడు వెతకవచ్చని నాకు ఆలస్యంగా తట్టింది. నాలుగు గొంతులకు రాసిన క్రిస్మస్ కీర్తనలు అక్కడ విస్తారంగా ఉన్నాయి, వాటిని నాలుగు రికార్డర్ల బృందం (పై గొంతు నుంచి కిందికి డెస్కాంట్, ట్రెబుల్, టెనర్, బేస్) దాదాపు యథాతథంగా వాయించుకోవచ్చు. డెస్కాంట్, టెనర్, బేస్ వాదకులు తమ వరుసను కాగితం మీద ఉన్నట్టే చదివితే, వారి వాద్యాల స్వభావం వల్ల గాయకుల గొంతు కంటే ఒక స్థాయి పైన పలుకుతుంది. ట్రెబుల్ వాదకుడు మాత్రం పై నుంచి రెండో గొంతైన ఆల్టో వరుసను బుద్ధిపూర్వకంగా ఒక స్థాయి పైకి చదువుకోవాలి. ఈ అలవాటు కుదిరేదాకా మొదటి కొన్ని సాధనలు గందరగోళంగానే సాగుతాయి. గాయకుల బేస్ వరుస ఎఫ్ కంటే కిందికి దిగిన చోట్ల బేస్ రికార్డర్ అందుకోలేదు కాబట్టి ఆ స్వరాలను పైకి తీసుకోవాలి. ప్రతులను స్వచ్ఛందంగా సిద్ధం చేసేవారు అనేకమంది కావడంతో అన్నీ ఒకే తీరుగా ఉండవు; ఒకే కీర్తనకు రెండు మూడు ప్రతులు ఉంటే పోల్చి చూసి దించుకోవడం మంచిది.

2006లో ఆరంభమైన ఐఎంఎస్‌ఎల్‌పీ (ఇంటర్నేషనల్ మ్యూజిక్ స్కోర్ లైబ్రరీ ప్రాజెక్ట్) అనే వెబ్‌సైట్‌లో పాత ముద్రణల ప్రతిబింబాలు దొరుకుతాయి. చేయి తిరిగినవారికి అక్కడ వాన్ ఐక్ కూర్పులున్నాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో చర్చి గంటలు మోగించే ఉద్యోగం చేసిన ఈ అంధ సంగీతకారుడి ఒంటి రికార్డర్ సంకలనం 1640లలో అచ్చయింది; ‘పూయెర్ నోబిస్ నాస్కిటుర్’ అనే క్రిస్మస్ బాణీపై అల్లిన ఆవృత్తులు, అంటే ఆ బాణీనే మార్చి మార్చి అలంకరించిన రూపాలు, అందులో ఉన్నాయి. బాణీ తేలిక, ఆవృత్తులు మాత్రం వేళ్లను పరుగు పెట్టిస్తాయి.

శ్రుతి మార్చుకోవడానికి మ్యూజ్‌స్కోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. వాద్యంగా రికార్డర్‌ను ఎంచుకుంటే, దాని పరిధి దాటిన స్వరాలు వేరే రంగులో కనిపిస్తాయి. నా పుస్తకం సంపాదకులకు ఈ సంగతి తెలిసి ఉంటే బాగుండేది. ‘వైట్ క్రిస్మస్’ వంటి ఇరవయ్యో శతాబ్దపు పాటలకు ఇంకా కాపీహక్కు ఉండటంతో అవి ఈ భాండాగారాలలో దొరకవు, కొనుక్కోవలసిందే. కొనేముందు నమూనా పేజీలో శ్రుతినీ, అట్టడుగు స్వరాన్నీ చూసుకుంటే చాలు.

ఇంతా చెప్పి, ఆ పుస్తకాన్ని నేను పారవేయలేదు. అందులో ‘జింగిల్ బెల్స్’ పల్లవిని జి శ్రుతిలో ఇచ్చారు. జి, ఎ, బి, సి, డి అనే ఐదు స్వరాలతోనే, అంటే కుడిచేతి వేళ్లు ఒక్క రంధ్రాన్నీ మూయనవసరం లేకుండానే, అది పూర్తవుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలెవరైనా వస్తే ఆ ఒక్క పేజీ తెరిచి ముందు పెడుతున్నాను.