వేగాస్‌లో నాలుగు రాత్రులు, ఒక టిప్పు పంచాయితీ

2024 చివర్లో లాస్ వేగాస్ వెళ్ళాం. గ్రాండ్ క్యాన్యన్ గురించి చెప్పేదేముంది, చూసి తీరాల్సిందే. కాకపోతే కారులో పోను 450 కిలోమీటర్లు, రాను 450. మా అత్తగారి నడుము రెండు రోజులు లేవలేదు.

అసలు గొడవ హోటల్ కౌంటర్ దగ్గరే మొదలైంది. గది అద్దె ముందే కట్టేశాం కదా అనుకుంటే, రాత్రికి 45 డాలర్లు రిసార్ట్ ఫీజట. నాలుగు రాత్రులకి 180, పైన పన్ను. దేనికండీ అంటే వైఫై, జిమ్ అన్నారు. మేం జిమ్ గడప కూడా తొక్కలేదు. మొత్తం ధర మొదటే చూపించాలన్న రూలు 2025 మేలో గానీ రాలేదు, మా ఖర్మ.

"ఇంత గుంజాక రూము శుభ్రం చేసేవాళ్ళకి మళ్ళీ టిప్పేంటి?" అని మా ఆయన పట్టు. ఆ ఫీజు హోటల్‌కి పోతుంది గానీ గది శుభ్రం చేసే ఆవిడ చేతికి రాదు కదా అంటే వినరే! వెయిటర్లకి జీతం తక్కువ కాబట్టి ఇస్తామని ఇంకో వాదన. చాలా రాష్ట్రాల్లో అది నిజమే, అమెరికా కేంద్ర చట్టం ప్రకారం, మిగతా కనీస వేతనం టిప్పులతో నిండితే, యజమాని గంటకి 2.13 డాలర్లే ఇచ్చినా చెల్లుతుంది. వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో అలా కుదరదు, వెయిటర్‌కైనా 12 డాలర్ల కనీస వేతనం ఇవ్వాల్సిందే. మరి గ్లాసులో నీళ్ళు పోసిన అబ్బాయికి 20 శాతం ఇచ్చి, మన బాత్రూం కడిగినావిడకి సున్నానా?

మొదటి రోజు 5 డాలర్ల నోటు బల్ల మీద పెట్టి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి ఆ నోటు మడత విప్పి, ల్యాంపు కింద నీటుగా పెట్టి ఉంది. "చూశావా, వాళ్ళకే అక్కర్లేదు," అన్నారు అత్తగారు. మర్నాడు వరండాలో బండి తోసుకెళ్తున్న ఆవిడనే అడిగాను. మీరు మర్చిపోయిన డబ్బేమో అనుకుని ముట్టుకోలేదు, దొంగతనమంటే ఉద్యోగం పోతుంది అంది. ఆ రోజు 'హౌస్‌కీపింగ్‌కి, థాంక్యూ' అని చీటీ రాసి తలగడ మీద పెట్టాను. నోటు తీసుకుంది. అదే చీటీ వెనక ఒక నవ్వు మొహం గీసి, పక్కన నాలుగు కాఫీ పొట్లాలు పెట్టింది.

ఇవ్వదలిస్తే ఏ రోజుది ఆ రోజే ఇవ్వండి, చివర్లో ఒకేసారి కాదు. మూడో రోజు మా గదికి వేరే ఆవిడ వచ్చింది. అక్కడి హోటళ్ళ సంఘం చెప్పే లెక్క రాత్రికి 1 నుంచి 5 డాలర్లు. ఖాళీ చేసే రోజు మాత్రం మర్చిపోవద్దు, ఆ రోజే పని ఎక్కువ. మా అత్తగారు పొద్దున్నే లేచి దుప్పట్లన్నీ మడతపెట్టేసి, "పని మనమే చేశాం, డబ్బులెందుకే?" అన్నారు. ఆ దుప్పట్లు ఎలాగూ ఉతుక్కి పోతాయని చెప్పినా మడతపెట్టడం ఆపలేదు.

చిల్లర ముందే మార్చుకోండి. మా ఆయన చివరికి మెత్తబడి, క్యాసినోలో చిల్లర తెస్తానని 40 డాలర్లు పట్టుకెళ్ళి, 20 మెషీన్‌లో పోసి వచ్చారు. దాన్ని కూడా టిప్పుల ఖర్చు కిందే రాశారు.