పాస్ట్ పర్ఫెక్ట్ కోసం కొన్న గ్రామర్ యాప్: హ్యాడ్ ఎక్కడ వద్దో కూడా చెప్పి ఉంటే బాగుండేది

ఇది యాప్ మొత్తం మీద రివ్యూ కాదు, అందులో డబ్బు కడితేనే తెరుచుకునే పాస్ట్ పర్ఫెక్ట్ పాఠాల గురించి మాత్రమే. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో చెప్పే యాప్‌లు చాలానే ఉన్నాయి, మీరు ఏది కొనబోతున్నా ఇవే విషయాలు చూసుకోవాలి.

ముందు బాగున్నవి. హ్యాడ్ ప్లస్ వి3 (క్రియ మూడో రూపం) అనే అల్లికని బాగా ప్రాక్టీస్ చేయిస్తుంది. 'గో, వెంట్, గాన్', 'సీ, సా, సీన్' లాంటి వాటిలో ఏది తప్పితే దాన్నే తిప్పి తిప్పి అడుగుతుంది కాబట్టి 'ఐ హ్యాడ్ వెంట్' అని రాసే అలవాటున్న వాళ్లకి ఈ ఒక్క భాగం చాలు, డబ్బు గిట్టినట్టే. ఆడియో కూడా స్పష్టంగా ఉంది. మాట్లాడేటప్పుడు 'ఐడ్' అని కుదించి పలుకుతారు కదా, అది హ్యాడా వుడ్డా అనేది వెనక వచ్చే క్రియని బట్టి పట్టుకోవాలని, 'ఐడ్ గాన్' అంటే హ్యాడ్ అని, 'ఐడ్ గో' అంటే వుడ్ అని వినిపించి మరీ చెప్పారు. కమ్, పుట్ లాంటి క్రియల దగ్గర మాత్రం ఈ చిట్కా పనిచేయదు, వాటికి వి1 (మొదటి రూపం), వి3 ఒకటే, అక్కడ సందర్భమే దిక్కు. ఆ ముక్క చెప్పలేదు, పోనీలే.

అసలు చిక్కంతా మొదటి వీడియోలోనే ఉంది. 'గతంలో రెండు పనులు జరిగితే ముందు జరిగినదానికి పాస్ట్ పర్ఫెక్ట్, తర్వాత జరిగినదానికి సింపుల్ పాస్ట్' అని ఒక రూల్ చెప్పి, దాన్నే చివరిదాకా లాగారు. మనలో చాలామంది ఎప్పుడో విన్న రూలే. దీన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే 'ఐ వోక్ అప్, టుక్ ఎ షవర్ అండ్ వెంట్ అవుట్' అనే మామూలు వాక్యం కూడా తప్పైపోవాలి, ఎందుకంటే లేవడం స్నానానికి ముందే కదా! కానీ అది తప్పు కాదు. పనులు జరిగిన వరసలోనే చెప్పుకుంటూ పోతే హ్యాడ్ అక్కర్లేదు. కథ ఒక చోటికి వచ్చాక అక్కడి నుంచి వెనక్కి తిరిగి అంతకుముందు జరిగిందేదో చెప్పాల్సి వచ్చినప్పుడే దానితో పని. 'వెన్ ఐ అరైవ్డ్, హి లెఫ్ట్' అంటే నేను వచ్చాక లేచి వెళ్లిపోయాడని, 'వెన్ ఐ అరైవ్డ్, హి హ్యాడ్ లెఫ్ట్' అంటే నేను వచ్చేసరికి మనిషే లేడని. ఈ జంట వాక్యాలు మొదటి పాఠంలో పెట్టి ఉంటే సగం గందరగోళం అక్కడే తీరిపోయేది, వీళ్లేమో చివరి క్విజ్‌లో ఎక్కడో ఒక మూలన ఒక్క ప్రశ్నగా పడేశారు.

క్విజ్‌ల సంగతైతే ఇంకా చిరాకు. 'ఆఫ్టర్ షి ఫినిష్డ్ ద లెటర్, షి పోస్టెడ్ ఇట్' అని కొడితే ఎర్ర గుర్తు. 'హ్యాడ్ ఫినిష్డ్' అంటేనే పచ్చ గుర్తు. రెండూ సరైనవే, ఎందుకంటే ఏది ముందో ఏది వెనకో ఆఫ్టర్ అనే మాటే చెప్పేస్తోంది. బిఫోర్ ఉన్నప్పుడూ చాలాసార్లు అంతే. సపోర్ట్‌కి రాస్తే ఆ రూల్‌నే కాపీ చేసి తిరిగి పంపారు. రిపోర్టెడ్ స్పీచ్‌లోనూ ఇదే మొండితనం, రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసిందని టీచర్ చెప్పారు అనే వాక్యానికి 'హ్యాడ్ ఎండెడ్' ఒక్కటే జవాబట. 'ఎండెడ్' అని ఉంచేసినా ఎవరూ తప్పు పట్టరు, అసలు తేదీతో సహా చెప్పే చరిత్ర విషయాలకి అలా ఉంచేయడమే ఎక్కువ.

ఇంకోటి, టైమ్‌లైన్ బొమ్మ. గీత మీద రెండే చుక్కలు, ముందు పని, తర్వాత పని. హాన్స్ రైషెన్‌బాక్ అనే తత్వవేత్త 1947లోనే టెన్స్‌లని మూడు బిందువులతో వివరించాడు: పని జరిగిన సమయం, మనం మాట్లాడుతున్న సమయం, ఈ రెండూ కాకుండా మనం ఎక్కడ నిలబడి ఆ పనిని చూస్తున్నామో ఆ సమయం. పాస్ట్ పర్ఫెక్ట్‌కి ప్రాణం ఆ మూడోదే. అది బొమ్మలో లేకపోవడం వల్ల నేర్చుకునేవాళ్లు హ్యాడ్ అంటే బాగా పాత సంగతి అనుకుంటారు, రెజ్యూమెలో 'ఐ హ్యాడ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2015' అని ఒంటరి వాక్యం రాసేస్తారు, చదివేవాడేమో దేనికి ముందు అని ఎదురుచూస్తూ ఉంటాడు. అక్కడ 'కంప్లీటెడ్' చాలు. అదే 'బై 2015' అంటే లెక్క మారుతుంది, మనం 2015లో నిలబడి వెనక్కి చూస్తున్నాం కాబట్టి హ్యాడ్ చక్కగా అతుకుతుంది. ఎంత పాతదన్నది లెక్కే కాదు, అయిదు నిమిషాల కిందటి పనికైనా హ్యాడ్ రావచ్చు.

మెచ్చుకోవాల్సింది ఇఫ్, విష్ పాఠాలని. 'ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్' దగ్గర హ్యాడ్ పని వేరు, జరగనిదాన్ని జరిగినట్టు ఊహించుకోవడం అని ఓపికగా చెప్పారు, ఇఫ్ తీసేసి 'హ్యాడ్ ఐ నోన్' అనడం కూడా చూపించారు. 'నో సూనర్' తర్వాత దాన్, 'హార్డ్లీ' తర్వాత వెన్ అన్నవి పోటీ పరీక్షలవాళ్లకి సరిపడా ఉన్నాయి. సరదాకని జేమ్స్, జాన్ అనే ఇద్దరి గురించి వరసగా 11 హ్యాడ్‌లు వచ్చే ఒక పజిల్ వాక్యం కూడా పెట్టారు గానీ, 'షి హ్యాడ్ హ్యాడ్ ఎ ఫీవర్' లాంటి మామూలు వాక్యంలో మొదటి హ్యాడ్ సహాయక క్రియ, రెండోది అసలు క్రియ అని ముందు చెప్పి ఉంటే ఆ పజిల్ భయపెట్టేది కాదు.

రాయడం నేర్చుకోవాలనుకునే వాళ్లకి ఇందులో దొరికేది తక్కువే. అన్నీ విడి వాక్యాలే, ఒక్క పేరా కూడా రాయించరు. నిజంగా ఏదైనా జరిగింది చెప్పేటప్పుడు వెనక్కి వెళ్లామని తెలియడానికి మొదట్లో ఒకటి రెండు హ్యాడ్‌లు వాడి, ఆ పైన సింపుల్ పాస్ట్‌లోకి వచ్చేస్తారు. ప్రతి వాక్యానికీ హ్యాడ్ తగిలిస్తే చదవడం నరకం. ఈ యాప్ అలవాటు చేసేది సరిగ్గా అదే.

నా రేటింగ్ 5కి 3. వి3లు, ఇఫ్ వాక్యాలు గట్టిపడాలంటే కొద్ది రోజులకి తీసుకోండి, ఏడాది ప్లాన్ వద్దు. ఏ యాప్ అయినా ఫ్రీ ట్రయల్‌లో ఉండగానే ఆఫ్టర్ ఉన్న వాక్యం ఒకటి వెతికి సింపుల్ పాస్ట్ కొట్టి చూడండి. ఎర్ర గుర్తు వస్తే కార్డ్ నంబర్ ఇవ్వకుండా బయటికి వచ్చేయండి.