రియాక్టరుకు 304ఎల్ మేలా, 316ఎల్ మేలా, డూప్లెక్సా?

పోలేపల్లి ఫార్మా సెజ్‌లోనైనా, నల్లగొండ జిల్లా చిట్యాల వైపైనా కొత్త ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) రియాక్టరుకు, అంటే రసాయనాలు పోసి చర్య జరిపించే పాత్రకు, కొటేషన్ అడగ్గానే "316ఎల్ వేయించుకోండి సార్, ఇంక భయం లేదు" అంటారు. ఆ మాట సగమే నిజం.

304, 316 అనేవి స్టెయిన్‌లెస్ స్టీల్ గ్రేడ్లు. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. 316లో వీటికి 2 నుంచి 3 శాతం మాలిబ్డినం తోడవుతుంది. క్లోరైడ్ వల్ల ప్లేటుకు సూది బెజ్జాల్లా గుంటలు పడకుండా చూసేది ఈ మాలిబ్డినమే. ఇక 'ఎల్' అంటే కార్బన్ 0.03 శాతం దాటదని. కార్బన్ ఎక్కువుంటే వెల్డింగ్ వేడికి అది క్రోమియాన్ని పట్టుకుపోతుంది, అతుకు పక్కనే తుప్పు మొదలవుతుంది. వెల్డు లేని వెసెల్ ఉండదు కాబట్టి ఎల్ లేని ప్లేటు ఊసే వద్దు.

లోపల మెథనాలో, టోలీనో, డీఎం నీళ్లో (లవణాలు తీసేసిన నీళ్లు) అయితే 304ఎల్ చాలు, 316ఎల్‌కు పెట్టే డబ్బు దండగ. హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే రెండూ పనికిరావు, లోపల గాజు పూత ఉన్న గ్లాస్ లైన్డ్ రియాక్టరే దారి.

అసలు తంటా జాకెట్‌తో, అంటే వేడి చేయడానికో చల్లబరచడానికో నీళ్లూ ఆవిరీ పంపే, రియాక్టరు చుట్టూ ఉండే పైతొడుగుతో. లోపల ఏం పోస్తున్నామో అందరూ అడుగుతారు, జాకెట్‌లోకి ఏం పంపుతున్నామో ఎవరూ అడగరు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, ఈ స్టీలుకు ముందుగా భయపడాల్సింది క్లోరైడ్‌కు. ఉప్పటి బోరు నీళ్లు కూలింగ్ టవర్‌లో తిరిగి తిరిగి ఆవిరయ్యే కొద్దీ క్లోరైడ్ చిక్కబడుతుంది. అంతకన్నా ఘోరం కాల్షియం క్లోరైడ్ బ్రైన్, అంటే చల్లబరచడానికి వాడే ఉప్పు ద్రావణం. చల్లబరచడానికి బ్రైన్, వేడికి స్టీమ్ ఒకే జాకెట్‌లోకి మార్చి మార్చి పంపితే, మిగిలిన బ్రైన్ ఎండి షెల్లుకు (రియాక్టరు గోడకు) ఉప్పు పేరుకుంటుంది. 60 డిగ్రీలు దాటాక, వెల్డు దగ్గర బిగువు కూడా తోడైతే జుట్టంత పగుళ్లు మొదలవుతాయి. 316ఎల్ అయినా ఆగదు, 304ఎల్ కన్నా కొంచెం ఆలస్యమవుతుందంతే. బ్రైన్ తీసేసి క్లోరైడ్ లేని గ్లైకాల్ పెట్టుకోవడం గ్రేడు మార్చడం కన్నా తెలివైన పని. హైడ్రోటెస్ట్‌కు (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్షకు) కూడా బోరు నీళ్లు వాడొద్దు. క్లోరైడ్ 50 పీపీఎం లోపున్న నీళ్లు పట్టి, టెస్ట్ కాగానే దించి ఆరబెట్టాలి.

బ్రైన్ తప్పదంటే 2205 డూప్లెక్స్ చూడాలి. ఫెరైట్, ఆస్టెనైట్ అనే రెండు రకాల స్ఫటిక నిర్మాణం దాదాపు సగం సగం కలిసిన స్టీలిది. 22 శాతం క్రోమియం, 3 శాతం మాలిబ్డినం, పైగా నైట్రోజన్. ఈల్డ్ బలం (శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకునే బలం) 450 ఎంపీఏ. 316ఎల్‌కు 170 మాత్రమే కాబట్టి ప్లేటు మందం తగ్గించుకోవచ్చు. పగుళ్లు అసలు రావని కాదు, చాలా మేరకు తట్టుకుంటుంది. చేయి తిరిగిన వెల్డరు మాత్రం కావాలి, వేడి పాళ్లు తప్పితే ఫెరైట్ లెక్క చెడుతుంది. 315 డిగ్రీల పైన దీన్ని వాడొద్దు.

సరుకు దిగాక అయస్కాంతం పెట్టి చూసి సంతోషపడకండి. అది 304నీ 316నీ వేరు చేయలేదు, డూప్లెక్స్‌కేమో అసలు సరుకైనా అతుక్కుంటుంది. ప్లేటు మీది హీట్ నంబరు (ఏ కరుగులో పోసిందో చెప్పే నంబరు) మిల్ సర్టిఫికెట్‌తో కలవాలి, పీఎంఐ గన్‌లో (లోహంలో ఏ మూలకం ఎంతుందో చూపే చేతి పరికరం) మాలిబ్డినం కనబడాలి. గన్‌ను నాజిళ్ల (పైపులు తగిలించే మూతుల) మీదా, వెల్డు మీదా కూడా పెట్టించండి. 316ఎల్ ప్లేటును మాలిబ్డినం కలపని 308ఎల్ వెల్డింగ్ రాడ్‌తో అతికితే ఆ అతుకులో మాలిబ్డినం సరిపడా ఉండదు.